ముఖానికి మైక్రోకరెంట్ మెషిన్: చర్మం కాలకుండా ఇంట్లో ఎలా వాడాలి

"యాంపియర్‌లో వెయ్యో వంతు కూడా లేదు, అదేం చేస్తుందిలే" అని ముఖం బిగుతుగా కనిపించాలని చర్మంలోకి సన్నటి కరెంటు పంపే ఈ మెషిన్లను తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది. అవాంఛిత రోమాలను కుదుళ్లతో సహా చంపే ఎలక్ట్రాలిసిస్ సూదిలో పారేది కూడా ఇంచుమించు అంతే, ఒక మిల్లీయాంపియర్ (యాంపియర్‌లో వెయ్యో వంతు) అటూ ఇటూ. 1875లో ఛార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటి డాక్టర్ లోపలికి పెరిగి కంటిని గీరే రెప్ప వెంట్రుకలను ఈ పద్ధతిలోనే తీశాడు. సూది మొన దగ్గర ఆ కాస్త కరెంటు ఒంట్లోని ఉప్పునీటి నుంచి సోడియం హైడ్రాక్సైడ్‌ను, అంటే కాస్టిక్ సోడాను పుట్టిస్తుంది. కుదురు దానికి కాలిపోతుంది.

ముఖం మీద తిప్పే మెషిన్ అలా కాల్చకపోవడానికి కారణం చర్మానికి ఆనే దాని లోహపు గుండ్లు వెడల్పుగా ఉండటం, వాటి కింద తడి జెల్ ఉండటం, కరెంటు దిశ మారుతూ ఉండటం. వీటిలో ఏది తప్పినా మంట మొదలవుతుంది. కింద చెప్పేవన్నీ ఈ మూడింటినీ కాపాడుకోవడానికే.

ముందుగా: మీరు వాడొచ్చా, కూడదా

ఈ మెట్టు దాటకుండా పెట్టె విప్పకండి. పేస్‌మేకర్, గుండెలో షాక్ ఇచ్చే ఐసీడీ, కాక్లియర్ ఇంప్లాంట్, ఒంట్లో అమర్చిన ఇతర ఎలక్ట్రానిక్ పరికరం ఏదున్నా ఈ మెషిన్ మీది కాదు. బయటి నుంచి వచ్చిన సిగ్నల్‌ను గుండె కొట్టుకోవడంగా పేస్‌మేకర్ పొరబడే వీలుంది. ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు, 18 ఏళ్లు నిండనివాళ్లు కూడా దూరంగా ఉండాలి. గర్భిణుల విషయంలో హాని రుజువైందని కాదు, వాళ్లపై ఎవరూ పరీక్షించి చూడలేదు కాబట్టి. గుండె కొట్టుకోవడాన్ని రోజంతా నమోదు చేసే హోల్టర్ మానిటర్ లాంటిది పెట్టుకున్న రోజుల్లో, ఇన్సులిన్ పంపు తగిలించుకున్నప్పుడు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టవద్దు.

ముఖం ఎముకల్లో ప్లేట్లు, స్క్రూలు వేసి ఉంటే ఆపరేషన్ చేసిన సర్జన్‌ను అడగాలి. పళ్ల ఇంప్లాంట్లు, క్యాపులు ఉన్నవాళ్లకు సాధారణంగా జివ్వుమనడం, నోట్లో ఇనుము రుచి తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు. అయినా ఒక మాట డెంటిస్టు చెవిన వేయడం మంచిది.

బొటాక్స్, ఫిల్లర్ వేయించుకున్నవాళ్లు మామూలుగా రెండు వారాలు ఆగుతారు. చర్మాన్ని పైకి లాగి పట్టడానికి లోపల వేసే దారాలు, సర్జరీ అయితే ఇంకా ఎక్కువ కాలం. ఎన్నాళ్లన్నది మీకు సూది వేసినవాళ్లే చెప్పాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఇలాంటి చికిత్సల తర్వాత కొన్నిచోట్ల స్పర్శ మొద్దుబారుతుంది. ఈ మెషిన్‌తో చర్మం కాలుతోందని చెప్పే గంట మీ నొప్పి ఒక్కటే. ఆ గంట మోగనిచోట మెషిన్ పెట్టకూడదు. మత్తు క్రీము రాసుకుని వాడటం అందుకే మహా పొరపాటు. ముఖ పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లు న్యూరాలజిస్టుతో మాట్లాడాకే ఆలోచించాలి.

మొటిమలు చీము పట్టి ఉంటే, రోజేషియా (ముఖం ఎర్రబడే చర్మవ్యాధి) ఎర్రగా లేచి ఉంటే, ఎండకు చర్మం కమిలి ఉంటే, షేవింగ్ గాట్లు పచ్చిగా ఉంటే అవి తగ్గేదాకా ఆగండి. తెగిన చర్మంలో అడ్డు తక్కువ, కరెంటు ఆ గాటు గుండానే దారి చేసుకుంటుంది.

మెషిన్ వెనక్కి తిప్పి చూడండి

మార్కెట్లో "ఫేస్ లిఫ్టింగ్" అని అమ్మేవన్నీ మైక్రోకరెంట్ కావు. నాలుగు రకాలు ఒకే పేరుతో తిరుగుతుంటాయి. అసలు మైక్రోకరెంట్ 1000 మైక్రోయాంపియర్ల లోపు, అంటే ఒక మిల్లీయాంపియర్ లోపు ఉంటుంది. ఇళ్లలో వాడేవి ఎక్కువగా కొన్ని వందల దగ్గరే ఆగుతాయి. ఈఎంఎస్ మిల్లీయాంపియర్లలో పనిచేసి కండరాన్ని కనబడేలా అదిరిస్తుంది. రేడియో ఫ్రీక్వెన్సీ రకం వేడి పుట్టిస్తుంది. నాలుగోది "అయాన్", "గాల్వానిక్" అని రాసి ఉండే రకం, ఒకే దిశలో పారే డీసీ కరెంటు. ఎలక్ట్రాలిసిస్ సూదిది ఇదే రసాయనం. ఒక ధ్రువం దగ్గర ఆమ్లం, రెండో ధ్రువం దగ్గర క్షారం పోగవుతాయి, క్షారం వైపు కాలిన గాయం లోతుగా దిగుతుంది. అందుకే గాల్వానిక్ మెషిన్‌ను ఒకేచోట ఆపి పట్టుకోవడం అన్నిటికంటే చెడ్డది. నా మట్టుకు, మైక్రోకరెంట్ కోసం వచ్చినవాళ్లు ఈ రకాన్ని అసలు కొనకపోవడమే నయం అంటాను.

వెనక లేబుల్ మీద చూడాల్సినవి: గరిష్ఠ కరెంటు ఎంతో అంకెల్లో ఉందా, లేక "5 లెవెల్స్" అని మాత్రమే ఉందా? లెవెల్ సంఖ్య ఏమీ చెప్పదు. చదరపు గడిలో నిలబడిన మనిషి బొమ్మ ఉందా? అది బీఎఫ్ గుర్తు. ఒంటికి తగిలే భాగం విద్యుత్ పరంగా విడిగా ఉందని, లీకేజీ కరెంటుకు హద్దులు పాటించారని దాని అర్థం. నరాలను, కండరాలను ప్రేరేపించే పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-10. ఆ నంబర్ హ్యాండ్‌బుక్‌లో ఉంటే కొంత నమ్మకం.

"ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అన్న మాటకు మోసపోకండి. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ. రిజిస్ట్రేషన్ అంటే కంపెనీ తన పేరు నమోదు చేయించుకుందని, అంతే. అమెరికా ఎఫ్‌డీఏ ఈ తరహా మెషిన్లకు ఇచ్చేది 510(కే) క్లియరెన్స్. దానికి కే అక్షరం, ఆ తర్వాత ఆరు అంకెలతో ఒక నంబర్ ఉంటుంది. ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే మోడల్ పేరుతో సహా కనిపించాలి. సౌందర్యం కోసం వాడే స్టిమ్యులేటర్లకు ప్రోడక్ట్ కోడ్ ఎన్‌ఎఫ్‌ఓ. క్లియరెన్స్ వచ్చిందంటే ముడతలు మాయమవుతాయని హామీ ఇచ్చినట్టు కాదు, అంతకుముందే మార్కెట్లో ఉన్న అలాంటి పరికరానికి ఇది సాటి అని ఒప్పుకున్నట్టు.

ప్రకటనల్లో వినిపించే "కణశక్తి 500 శాతం పెరుగుతుంది" అన్నదాని మూలం 1982లో అచ్చయిన ఒక ప్రయోగం. అది చేసింది కోసి తీసిన ఎలుక చర్మం ముక్కల మీద. అదే ప్రయోగంలో కరెంటు 5 మిల్లీయాంపియర్లకు పెంచితే ఆ శక్తి తగ్గిందని కూడా ఉంది. ఆ రెండో సగాన్ని ఏ ప్రకటనా చెప్పదు. లెవెల్ పెంచితే ఫలితం పెరుగుతుందనుకునేవాళ్లకు ఆ సగమే ముఖ్యం.

మొదటిరోజు ముఖం జోలికి వెళ్లకండి

ముంజేతి లోపలివైపు అరచేయంత మేర జెల్ రాసి, అన్నిటికంటే తక్కువ లెవెల్‌లో రెండు గుండ్లూ ఆనించి నిమిషం పాటు మెల్లగా జరపండి. ఏమీ తెలియకపోవచ్చు, సన్నగా చీమలు పాకినట్టు ఉండొచ్చు, రెండూ మామూలే. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నా, కండరం ఎగిరినా అది ఈఎంఎస్ తరహా కరెంటు, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే. వేడి తగిలితే ఆపి పక్కన పెట్టండి.

తర్వాత దవడ మూల దగ్గర, చెవి కింద, రూపాయి బిళ్లంత చోట అదే జెల్‌తో నిమిషం పాటు చేసి మూడు రోజులు ఆగండి. మూడు రోజులు ఎందుకంటే గుండ్ల పూతలో నికెల్ ఉంటే, అది పడనివాళ్లకు దురద వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య, గుండు తిరిగిన దారిలోనే ఎర్రగా గీతలా లేస్తుంది. చవక చెవికమ్మలు పడక చెవి పుండ్లు పడే అలవాటున్నవాళ్లు ఈ పరీక్ష తప్పించుకోకూడదు.

జెల్: సగం ప్రమాదాలు ఇక్కడే

ఒక చిన్న లెక్క. గుండు చర్మానికి చదరపు సెంటీమీటరు మేర ఆనుతోందని, 300 మైక్రోయాంపియర్లు పారుతున్నాయని అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 0.3 మిల్లీయాంపియర్. ఇందాకటి ఐఈసీ ప్రమాణం ప్రకారం ఆర్‌ఎంఎస్ (మారే కరెంటుకు కట్టే ఒక తరహా సగటు) లెక్కలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీయాంపియర్లు మించితే వాడేవారిని ప్రత్యేకంగా హెచ్చరించాలి. మనం దానికి చాలా దిగువన ఉన్నాం. ఇప్పుడు జెల్ ఆరిపోయి ఒక్క చదరపు మిల్లీమీటరు చోటే తడిగా మిగిలిందనుకోండి. మెషిన్ అదే కరెంటును నెట్టగలిగితే సాంద్రత వంద రెట్లు పెరిగి 30కి చేరుతుంది. లెవెల్ బటన్ మీరు ముట్టుకోనేలేదు, చర్మం మాత్రం చురుక్కుమంటుంది. చాలా మెషిన్లు అడ్డు పెరిగేకొద్దీ వోల్టేజీ పెంచి కరెంటును నిలబెట్టాలని చూస్తాయి, ఆరిన జెల్‌తో తంటా అదే.

కాబట్టి ముఖం కడిగి, క్రీములు, నూనె, సన్‌స్క్రీన్ పూర్తిగా పోగొట్టండి. నూనె కరెంటును పోనివ్వదు. నూనె ఉన్న సీరం రాసుకుని దాని మీద తిప్పడం, ఆయిల్ మసాజ్‌తో కలపడం ఈ కారణంగానే కుదరవు. నీటి ఆధారంగా చేసిన, సువాసన లేని కండక్టివ్ జెల్ వాడండి. మెషిన్‌తో వచ్చినది అయిపోతే స్కానింగ్ సెంటర్లలో వాడే అల్ట్రాసౌండ్ జెల్ కరెంటును బాగానే పోనిస్తుంది. కలబంద జెల్ కూడా పనిచేస్తుంది గానీ రెండు నిమిషాల్లో ఆరి పొరలా బిగుసుకుంటుంది.

ముఖమంతా ఒకేసారి పూయకండి. ఒక చెంపకు అర టీస్పూను తీసుకుని, కింద చర్మం మసగ్గా కనిపించేంత మందంగా పరిచి, ఆ చెంప పూర్తయ్యాక రెండో వైపు వెళ్లండి. గుండు జారుతున్నంతసేపు బాగున్నట్టు. అది పట్టేస్తున్నట్టు, చర్మాన్ని లాగుతున్నట్టు అనిపించిన క్షణంలో జెల్ అయిపోయిందని అర్థం. అప్పటికింకా మంట మొదలుకాదు, ఆ లాగుడే ముందస్తు హెచ్చరిక. ఆపి, వేళ్లకు నీళ్లు తడుపుకుని జెల్ మీద అద్దండి, లేదా కొత్తగా వేయండి. తల వెంట్రుకలు మొదలయ్యే చోట, గడ్డం ఉన్నవాళ్లకు దవడ మీద జెల్ వెంట్రుకల్లో ఇంకిపోతుంది, అక్కడ రెట్టింపు వేయాలి.

రెటినాల్, ఆమ్లాల పీలింగ్ వాడుతున్నవాళ్లు ఆ రాత్రులు మెషిన్ ముట్టవద్దు. పైపొర పలచబడ్డ చర్మం అదే లెవెల్‌కు ఎక్కువ మండుతుంది.

ఎక్కడ తిప్పాలి, ఎక్కడ కూడదు

కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసు తీసేయండి. అద్దం ముందు కూర్చోండి, పడుకుని చేయవద్దు, నిద్ర పడితే గుండు ఒకేచోట ఆగిపోతుంది.

ఎముక మీద నడవడం మంచి సూత్రం. దవడ ఎముక మీదుగా గడ్డం నుంచి చెవి వైపు, చెంప ఎముక దిగువ అంచు వెంట ముక్కు పక్క నుంచి కణత ముందు దాకా, కనుబొమ పై నుంచి నుదురు మీదికి. ఒక్కో గీతకు ఐదారు సెకన్లు పట్టాలి. ఒక్కో దారిలో మూడుసార్లు చాలు. రెండు గుండ్లూ సమంగా ఆనాలి. ఒకటి పైకి లేస్తే సర్క్యూట్ తెగుతుంది, మళ్లీ తగిలేటప్పుడు అంచు ఒక్కటే ముందు తగిలి చురుక్కుమంటుంది. వీలైతే ముందు ఆపి, తర్వాత ఎత్తండి.

కన్ను: కంటిగూడు ఎముక అంచు లోపలికి వెళ్లకూడదు, రెప్పల మీద అసలే వద్దు. కణత దగ్గర తిప్పుతుంటే కంటిలో తళుక్కుమని మెరుపు కనిపించవచ్చు. బల్బు వెలగలేదు, కరెంటు రెటీనాకు చేరి అది వెలుగులా తోచింది. రెటీనా అతి స్వల్ప కరెంటుకు కూడా స్పందిస్తుంది. మెరుపు కనిపిస్తే అక్కడి నుంచి రెండు వేళ్ల వెడల్పు దూరం జరగండి.

గొంతు: ముందు భాగం పూర్తిగా నిషిద్ధం. అక్కడ థైరాయిడ్, స్వరపేటిక ఉన్నాయి. ఇంతకంటే ముఖ్యమైనది ప్రక్కన ఉంది. కంఠమణి పై అంచు ఎత్తులో, రెండు వైపులా, నాడి కొట్టుకునే చోట కెరోటిడ్ సైనస్ ఉంటుంది. రక్తపోటును కొలిచి గుండెకు కబురు పంపే చోటు అది. అక్కడ గట్టిగా నొక్కినా, ప్రేరేపించినా గుండె వేగం, రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. కొన్ని హ్యాండ్‌బుక్‌లు మెడ పక్కలకు కూడా బాణాలు గీసి చూపిస్తాయి. మెడ వదిలేయమనే నా సలహా. దవడ ఎముక దిగువన మీకు దక్కేది తక్కువ, పోగొట్టుకునేది ఎక్కువ.

ఇంకో సంగతి, పిడి మీద లోహపు పట్టీ ఉన్న మెషిన్లు కొన్ని ఉన్నాయి. మెషిన్ తల దగ్గర ఒకే ధ్రువం, రెండోది మీ అరచేయి. అలాంటప్పుడు కరెంటు ముఖం నుంచి మెడ, భుజం, చేయి మీదుగా తిరిగి వస్తుంది. రెండు గుండ్ల మెషిన్‌లో అయితే దారి ఆ రెండింటి మధ్యే ముగుస్తుంది. గుండె జబ్బు ఏదైనా ఉన్న ఇంట్లో మొదటి రకం ఎవరి చేతికీ అందకుండా ఉంచండి.

ఎంతసేపు

మొదటి వారం అతి తక్కువ లెవెల్, ఐదు నిమిషాలు, రోజు విడిచి రోజు. తర్వాత హ్యాండ్‌బుక్‌లో ఉన్న సమయం దాటవద్దు. ఆటోమేటిక్‌గా ఆగిపోయే మెషిన్‌ను మళ్లీ ఆన్ చేసి రెండో విడత మొదలుపెట్టడం మామూలుగా జరిగే తప్పు. ఏమీ తెలియట్లేదని లెవెల్ పెంచడం రెండోది. మైక్రోకరెంట్ తెలియకపోవడమే దాని స్వభావం.

తేడా వచ్చినప్పుడు

నోట్లో ఇనుము రుచి, పంటిలో జివ్వు: గుండు పంటి లోహానికి దగ్గరైంది. పక్కకు జరిగితే పోతుంది.

ముఖం లేత ఎరుపు తిరగడం అరగంట, గంటలో తగ్గితే చింత లేదు. మర్నాటికీ ఉంటే వారం ఆపండి. మళ్లీ మొదలుపెట్టాక అదే జరిగితే ఆ మెషిన్‌గానీ ఆ జెల్‌గానీ మీకు పడదు. ఏది పడలేదో తేల్చుకోవడానికి జెల్ ఒక్కదాన్నే ముంజేతికి రాసి చూడండి.

సూదిమొనంత గుండ్రటి మచ్చ, మధ్యలో చిన్న గుంట, చుట్టూ ఎరుపు ఉంటే అది రసాయన కాలిన గాయం. వెంటనే జెల్ కడిగేసి, పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. పొక్కు లేస్తే చిదమకుండా చర్మ వైద్యుడికి చూపించండి. మానేదాకా ఎండ తగలనివ్వకండి, లేదంటే మచ్చ నల్లగా నిలిచిపోతుంది.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్లు తిరగడం: ఆపండి, పడుకోండి, ఆ రోజుకు చాలు. గుండె దడ, ఛాతీలో బరువు, స్పృహ తప్పడం, ఫిట్స్: మెషిన్ సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి.

చార్జింగ్, శుభ్రం

ప్రాణం మీదికి తెచ్చే కరెంటు గోడలో ఉంది. మెషిన్ చార్జర్‌కు తగిలించి ఉండగా ముఖానికి పెట్టవద్దు. నాసిరకం అడాప్టర్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే గోడలోని వోల్టేజీ తడి జెల్ మీదుగా నేరుగా ముఖానికి చేరుతుంది. మంచి మెషిన్లు చాలావరకు చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఆన్ కావు. మీది అవుతుందా లేదా గాలిలో పట్టుకుని ఒకసారి చూడండి, ముఖానికి పెట్టి కాదు.

వాడిన ప్రతిసారీ గుండ్లను తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. జెల్ ఎండిపోతే అతుకుల్లో ఉప్పు పేరుకుని పూత తినేస్తుంది. గట్టి స్పిరిట్ వాడొచ్చో లేదో హ్యాండ్‌బుక్ చూసి తేల్చుకోండి. నెలకోసారి వెలుతురులో గుండ్లను తిప్పి చూడాలి. మెరుపు పోయి పసుపు రంగో రాగి రంగో బయటపడితే, వేలితో తాకితే గరుకు తగిలితే పూత లేచినట్టే. లేచిన అంచు దగ్గర కరెంటు పోగుపడుతుంది, కింది లోహం చర్మానికి తగులుతుంది. దానికి రిపేరు లేదు, మార్చాల్సిందే. చార్జింగ్ పోర్టులో జెల్ మరకలు కనిపిస్తే పూర్తిగా ఆరేదాకా ప్లగ్ పెట్టవద్దు. మెషిన్ ఒళ్లు ఉబ్బినా, చార్జింగ్‌లో పట్టుకోలేనంత వేడెక్కినా లోపలి లిథియం బ్యాటరీ పాడైంది. వెంటనే ప్లగ్ తీసి, మంటలంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి, మామూలు చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట అప్పగించండి.